సాఫ్ట్‌వేర్ కంపెనీ మేధో మూలధనం: పద్దుల్లో కనిపించని ఆస్తిని గుర్తించి నిలబెట్టుకునే పద్ధతి

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ లేఖ బయటికొచ్చింది. బ్యాలెన్స్ షీట్‌లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని దాంతో తేలింది. లెక్కల పుస్తకంలో అన్నిటికన్నా గట్టిగా కనిపించే పద్దు అదే, ఉత్తదైపోయిందీ అదే. అయినా అదే ఏడాది ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున, 31 శాతం వాటాకు 1,757 కోట్లు ఇస్తానని వేలంలో గెలిచింది. ఎల్ అండ్ టీ కూడా షేరుకు 45.90 రూపాయల దాకా వచ్చింది. నగదు లేదు, లెక్కలు నమ్మే వీల్లేదు. మరి వీళ్లంతా కొనడానికి పోటీపడింది దేన్ని? విదేశీ క్లయింట్ల సిస్టమ్‌లు ఆనుపానులతో తెలిసిన వేలమంది ఇంజినీర్లను, ఇంకా వదిలిపోని క్లయింట్లను, ఏళ్లతరబడి కుదురుకున్న పని పద్ధతిని. ప్రభుత్వం నియమించిన కొత్త బోర్డు ఆ ఫిబ్రవరిలో సీఈఓ పదవికి బయటివాళ్లను వెతక్కుండా కంపెనీలోనే పాతుకుపోయిన ఏ.ఎస్. మూర్తిని ఎంచుకోవడంలోనూ నాకు ఆ లెక్కే కనిపిస్తుంది.

ఆ కొన్నదాని పేరే మేధో మూలధనం. పది మంది నుంచి వంద మంది దాకా ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపేవాళ్ల కోసం ఈ మార్గదర్శి. ఇందులో నేను చెప్పదలచుకున్నది ఒకటే. మీ దగ్గర అన్నిటికన్నా ఖరీదైనది, మీ కోడ్ ఇలాగే ఎందుకుందో తెలిసిన ఎరుక. అది ఇద్దరు ముగ్గురి తలల్లోనే ఉంటుంది. దాన్ని నలుగురిలోకి తేవడం, హక్కుల కాగితాలు కంపెనీ పేరున చేయించుకోవడం, ఈ రెండు పనులూ జరిగితే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి.

మొదటి అడుగు: అది ఎక్కడెక్కడ ఉందో చూడండి

మేధో మూలధనాన్ని మూడు చోట్ల వెతకాలి. మనుషుల్లో ఉండే నైపుణ్యం, అనుభవం ఒకటి. ఇది సాయంత్రం క్యాబ్ ఎక్కి ఇంటికెళ్లిపోతుంది. మనుషులు వెళ్లినా ఆఫీసులో మిగిలేది రెండోది: కోడ్, టెస్టులు, డిప్లాయ్‌మెంట్ స్క్రిప్టులు, రన్‌బుక్‌లు (సిస్టమ్ నడపడానికి దశలవారీగా రాసుకున్న సూచనలు), పని పద్ధతులు. క్లయింట్లు, భాగస్వాములు, మార్కెట్లో పేరు మూడోది. స్వీడన్ బీమా కంపెనీ స్కాండియా 1990లలో లీఫ్ ఎడ్విన్‌సన్ ఆధ్వర్యంలో వార్షిక నివేదికకు అనుబంధంగా ఇలాంటి లెక్కలు ప్రచురించాక ఈ విభజన ప్రపంచమంతా పాకింది.

మీ ఆడిటర్ ఇచ్చే బ్యాలెన్స్ షీట్‌లో మాత్రం ఇవేవీ ఉండవు. తప్పు ఆడిటర్‌ది కాదు. అకౌంటింగ్ స్టాండర్డ్ 26 గానీ, పెద్ద కంపెనీలకు వర్తించే ఇండ్ ఏఎస్ 38 గానీ, సొంతంగా పెంచుకున్న బ్రాండును, క్లయింట్ల జాబితాను, గుడ్‌విల్‌ను (విడి పద్దులుగా లెక్కకట్టలేని పేరు, నమ్మకాల విలువను) ఆస్తిగా చూపనివ్వవు. పరిశోధన దశలో పెట్టిన ఖర్చంతా ఆ ఏడాది ఖర్చే. అభివృద్ధి దశలో పెట్టింది మాత్రం కొన్ని షరతులకు లోబడి ఆస్తిగా చూపొచ్చు. ప్రాజెక్టు వారీగా టైమ్‌షీట్లు సరిగ్గా లేక చిన్న కంపెనీలు ఆ అవకాశాన్నీ వదిలేసుకుంటాయి. చివరికి పుస్తకంలో మిగిలేవి ల్యాప్‌టాప్‌లు, కుర్చీలు, ఆఫీసు అద్దె అడ్వాన్సు.

అసలు విలువ ఎక్కడ కూర్చుంటుందో తెలియాలంటే ఎవరైనా కంపెనీని కొన్నప్పుడు రాసుకునే లెక్క చూడాలి. 2014లో ఫేస్‌బుక్ వాట్సాప్‌ను కొంది. ఉద్యోగులు యాభై అయిదు మంది. లావాదేవీ ముగిసేనాటికి లెక్కలోకి తీసుకున్న ధర సుమారు 1,720 కోట్ల డాలర్లు. అందులో టెక్నాలజీ కింద రాసింది దాదాపు 28.8 కోట్లు, వాడుకరుల కింద 200 కోట్ల పైచిలుకు, గుడ్‌విల్ కింద 1,530 కోట్లు. అంటే కోడ్ వాటా మొత్తం ధరలో రెండు శాతం కూడా లేదు. మీ కంపెనీని దానితో పోల్చమని కాదు. “మా కోడే మా ఆస్తి” అని ఫౌండర్లు అన్నప్పుడల్లా నాకు ఈ పట్టిక గుర్తొస్తుంది.

రెండో అడుగు: ఒక షీట్ తెరవండి

కన్సల్టెంట్లు అమ్మే సాఫ్ట్‌వేర్లేవీ దీనికి అక్కర్లేదు, గూగుల్ షీట్ చాలు. కంపెనీ బతకడానికి తప్పనిసరి అనిపించే ప్రతి ఎరుకకూ ఒక వరస. నిలువు గడులు అయిదు: అది ఏమిటి, ఎవరికి తెలుసు, ఎక్కడ రాసి ఉంది, దాని మీద చట్టపరమైన హక్కు ఎవరిది, రేపు అది లేకపోతే ముందుగా ఆగేది ఏది.

మొదటి గడిలోనే చాలామంది తప్పుదారి పడతారు. “బిల్లింగ్ మాడ్యూల్” అని రాసి ఊరుకుంటారు. అది ఫోల్డర్ పేరు మాత్రమే. ఒక ఉదాహరణ తీసుకుందాం. మీది జీఎస్‌టీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. ఇ-ఇన్‌వాయిస్‌ను పోర్టల్‌లో రద్దు చేయడానికి 24 గంటలే గడువు, అది దాటితే క్రెడిట్ నోట్ ఇచ్చుకోవాల్సిందే. మీ కోడ్‌లో మాత్రం రద్దు బటన్ 23 గంటల 30 నిమిషాలకే ఆగిపోతుంది. కొత్తగా చేరిన కుర్రాడు చూసి, ఇదేదో పొరపాటని 24కి దిద్దుతాడు. టెస్టులన్నీ పాసవుతాయి. రివ్యూ చేసినవాళ్లకూ అదే సబబనిపిస్తుంది. నెలాఖరున పోర్టల్ నెమ్మదించినప్పుడు మాత్రం, చివరి నిమిషాల్లో పంపిన రద్దు అభ్యర్థనలు క్యూలో ఇరుక్కుని గడువు దాటిపోతాయి. క్లయింట్ అకౌంటెంట్ దగ్గర్నుంచి ఫోన్. ఆ అరగంట ఎందుకు పెట్టారో మూడేళ్ల కిందట దాన్ని రాసినావిడకు తెలుసు. ఆవిడ ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నారు.

కాబట్టి షీట్‌లో రాయాల్సింది “బిల్లింగ్ మాడ్యూల్” కాదు, “పోర్టల్ నెమ్మదించినప్పుడు రద్దులు ఎలా నడపాలి” అని. ఈ స్థాయిలో రాస్తే ముప్పై మంది కంపెనీకి యాభై, అరవై వరసలు వస్తాయి. మూడొందలు వస్తున్నాయంటే మరీ చిల్లర విషయాలు రాస్తున్నట్టు. పది దాటడం లేదంటే ఇంజినీర్లను అడక్కుండా మీరొక్కరే కూర్చుని రాస్తున్నట్టు.

మూడో అడుగు: సంక్రాంతి పరీక్ష

ఎవరి మీద ఎంత ఆధారపడ్డామో తేల్చడానికి సాఫ్ట్‌వేర్ లోకంలో ఒక పాత లెక్కుంది. ఎంతమంది హఠాత్తుగా కనబడకుండా పోతే ప్రాజెక్టు ఆగిపోతుంది? ఆ సంఖ్యనే బస్ ఫ్యాక్టర్ అంటారు. కోడ్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే గిట్ చరిత్ర తిరగేస్తే ఏ ఫైలును ఎవరెక్కువ మార్చారో కొంత తెలుస్తుంది. కానీ రాసినవాళ్లకే అంతా తెలుసనుకోవడానికి లేదు. రాయనివాళ్లకు తెలిసేదీ కొంత ఉంటుంది, ముఖ్యంగా సపోర్ట్‌లో ఉన్నవాళ్లకు.

మన దగ్గర ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష ఒకటి ఏటా దానంతటదే వస్తుంది. సంక్రాంతికి సగం ఆఫీసు ఊళ్లకు పోతుంది. సెలవుల తర్వాత తీరిగ్గా అడగండి: భోగి నుంచి కనుమ దాకా ఆఫీసు ఫోన్లు ఎవరెవరికి వెళ్లాయి, ఏ పనికి? ముగ్గుల మధ్య ల్యాప్‌టాప్ తెరిచి కూర్చోవాల్సి వచ్చింది ఎవరికి? ఆ పేర్లే మీ ఒంటరి స్తంభాలు. షీట్‌లో వాళ్ల పేరు ఒక్కటే ఉన్న వరసలకు ఎర్ర రంగు వేయండి. ఒకే వ్యక్తి ఎరుపులో పదిచోట్ల కనిపిస్తే ఆ మనిషికి ఇంక్రిమెంట్ ఒక్కటే సరిపోదు, పక్కన మరో మనిషి కావాలి.

అసలు పండగ దాకా ఆగడం ఎందుకు? ప్రతి ముఖ్యమైన ఇంజినీరుకూ ఏడాదికోసారి వారం రోజుల సెలవు తప్పనిసరి చేయండి, ఫోన్ చేయకూడదన్న షరతుతో. బ్యాంకులు సున్నితమైన సీట్లలో ఉన్నవాళ్లకు ఇలాంటి తప్పనిసరి సెలవు ఇస్తాయి, మోసం బయటపడాలని. మనకు బయటపడాల్సింది ఎరుకలోని ఖాళీలు.

నాలుగో అడుగు: తలలో ఉన్నదాన్ని బయటికి తేవడం

కష్టమంతా ఇక్కడే. మన ఐటీలో ఈ పనికి ఉన్న రివాజు కేటీ, అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. అవతలివాళ్లు రాజీనామా పెట్టాక, నోటీస్ పీరియడ్ చివరి రెండు వారాల్లో, జూమ్ రికార్డింగ్ ఆన్ చేసి, స్లైడ్లు తిప్పి, “ఎనీ డౌట్స్?” అని అడిగి ముగించే తంతు. ఆ రికార్డింగులు తర్వాత ఎవరూ చూడరు. వెళ్లేవాళ్ల మనసు అప్పటికే కొత్త ఆఫీసులో ఉంటుంది. వినేవాళ్లకు ఏం అడగాలో ఇంకా తెలియదు.

తప్పక ఆ పని చేయాల్సి వస్తే తిరగేసి చేయండి. వెళ్లేవాళ్లు చెప్పడం ఒక్కరోజుతో ఆపి, మిగతా రోజులన్నీ తీసుకునేవాళ్లు చెప్పాలి, వెళ్లేవాళ్లు వినాలి. కొన్నిచోట్ల దీన్ని రివర్స్ కేటీ అంటారు. తీసుకునేవాళ్లే రిలీజ్ చేయాలి, ప్రొడక్షన్‌లో వచ్చిన బగ్ పట్టాలి. వెళ్లేవాళ్లు కీబోర్డు ముట్టుకోకూడదు. ఈ ఒక్క నియమంతో ఖాళీలు రెండు రోజుల్లో బయటపడతాయి.

అయితే నోటీస్ పీరియడ్ దాకా రానివ్వకుండా, రోజువారీ పనిలోనే ఎరుక పంచే అలవాట్లు పెట్టుకోవడం మేలు. అందులో అన్నిటికన్నా చౌకైనది నిర్ణయాల చీటీ. ఏ పెద్ద సాంకేతిక నిర్ణయమైనా కోడ్ రిపాజిటరీలోనే ఒక చిన్న టెక్స్ట్ ఫైలుగా ఉండాలి. పై ఉదాహరణకు చీటీ ఇలా ఉంటుంది:

“నిర్ణయం: ఇ-ఇన్‌వాయిస్ రద్దును 23 గంటల 30 నిమిషాలకే ఆపుతాం. కారణం: పోర్టల్ గడువు 24 గంటలు. నెలాఖరులో మన క్యూ ఇరవై నిమిషాల దాకా ఆలస్యమవుతోంది. వద్దనుకున్నది: 24 గంటల దాకా ఉంచి మళ్లీ మళ్లీ ప్రయత్నించడం. గడువు దాటాక ఎన్నిసార్లు పంపినా లాభం లేదు. ఎప్పుడు మార్చొచ్చు: క్యూ ఆలస్యం రెండు నిమిషాల లోపుకు వస్తే.”

రాయడానికి పది నిమిషాలు. ఇందులో విలువైనవి “వద్దనుకున్నది”, “ఎప్పుడు మార్చొచ్చు” అనే రెండు వాక్యాలు. ఏం చేశామో కోడ్ చూస్తే తెలుస్తుంది. ఏం వద్దనుకున్నామో కోడ్‌లో ఉండదు.

డెన్మార్క్ కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లోనే ఇంకాస్త ముందుకెళ్లి వాదించాడు. ప్రోగ్రాం అంటే దాన్ని తయారుచేసినవాళ్ల బుర్రలో ఏర్పడిన అవగాహనేననీ, ఆ బృందం చెదిరిపోతే ఎంత డాక్యుమెంటేషన్ ఉన్నా ప్రోగ్రాం చచ్చిపోయినట్టేననీ. నేను అంత నిరాశగా లేను. కానీ రాతతో పంపగలిగింది సగమేనని ఒప్పుకుంటాను. మిగతా సగం పక్కపక్కన కూర్చుని పనిచేస్తేనే ఎక్కుతుంది. వారానికి కొన్ని గంటలు ఇద్దరు కలిసి ఒకే సమస్య మీద కూర్చోవడం, ఆన్‌కాల్ బాధ్యత (వేళకాని వేళ సమస్య వస్తే పలికే పని) అందరికీ వంతులవారీగా రావడం, సర్వర్ పడిపోయాక ఎవరిది తప్పని కాకుండా ఎలా జరిగిందని నలుగురూ కూర్చుని రాసుకోవడం. ఈ మూడూ జరిగే కంపెనీలో కేటీ మీటింగులు పెట్టే పనే పెద్దగా ఉండదు.

ఇంకో మాట. తనకే తెలిసినదాన్ని గుప్పిట్లో పెట్టుకునే సీనియర్‌ను తిట్టి లాభం లేదు. అప్రైజల్‌లో నువ్వు లేకపోతే పని ఆగుతుంది కాబట్టి నీకు రేటింగ్ అన్నంతకాలం అతను గుప్పిట విప్పడు. నీ పని నువ్వు లేకుండా చేయగలిగేవాళ్లు ఈ ఏడాది ఎంతమంది పెరిగారని అడగడం మొదలుపెట్టండి, ప్రమోషన్ దానికి ముడిపెట్టండి.

అయిదో అడుగు: హక్కుల కాగితాలు

1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాంను సాహిత్య రచన కిందే లెక్కగడుతుంది. ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్‌కు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి హక్కుదారు యజమాని. ఇంతవరకూ నిశ్చింత. చిక్కంతా ఉద్యోగులు కానివాళ్లతో. ఫ్రీలాన్సర్‌కు డబ్బు కట్టి రాయించుకున్న కోడ్, రాతపూర్వకంగా బదిలీ చేయించుకోకపోతే, సాధారణంగా అతనిదే. మీ దగ్గర ఉన్నవి ఇన్‌వాయిస్, బ్యాంకు రసీదు మాత్రమే అయితే జాగ్రత్తపడండి. అపాయింట్‌మెంట్ లెటర్ లేని ఇంటర్న్, కంపెనీ రిజిస్టర్ కాకముందు ఫౌండర్లు ఇంట్లో కూర్చుని రాసిన తొలి వెర్షన్, ఇవీ ఇదే కోవలోకి వస్తాయి. పెట్టుబడిదారుల లాయర్లు మొదట తవ్వేది ఇక్కడే.

బదిలీ పత్రం రాయించేటప్పుడు కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ఎదురుగా పెట్టుకోండి. బదిలీ రాతపూర్వకంగా, ఇచ్చేవాళ్ల సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకే అనుకుంటుంది చట్టం. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. బదిలీ అయిన హక్కును ఏడాదిలోగా వాడకపోతే అది రద్దయినట్టే, పత్రంలో వేరేగా రాసుకుంటే తప్ప. కాబట్టి “శాశ్వతంగా, ప్రపంచమంతటికీ, ఏడాదిలో వాడకపోయినా చెల్లుతుంది” అన్న మూడు ముక్కలూ పత్రంలో ఉండాలి. అమెరికా నుంచి దించుకున్న నమూనా ఒప్పందాల్లో ఈ మూడోది సాధారణంగా ఉండదు.

సర్వీసు కంపెనీ అయితే ఎదురు వైపు కూడా చూసుకోండి. క్లయింట్ ఒప్పందంలో “పని ఫలితమంతా క్లయింట్‌దే” అని ఉంటుంది. ఏళ్లుగా మీరు పెంచుకున్న సొంత లైబ్రరీలు, టెంప్లేట్‌లు అందులో కొట్టుకుపోకుండా, ముందునుంచీ మీవైన వాటి జాబితా అనుబంధంగా జత చేయండి. వాటిని వాడుకునే లైసెన్స్ మాత్రమే క్లయింట్‌కు ఇవ్వండి.

కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరేమీ కాదు, కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుంది. దరఖాస్తులో సోర్స్ కోడ్ మొదటి పది, చివరి పది పేజీలు ఏమీ చెరపకుండా ఇవ్వాలి. పేటెంట్ మీద మాత్రం ఆశ తక్కువగా పెట్టుకోండి. 1970 పేటెంట్ల చట్టంలోని 3(కె) సెక్షన్ కేవలం కంప్యూటర్ ప్రోగ్రాంకు పేటెంట్ ఇవ్వదు. సాంకేతిక ప్రభావం చూపగలిగితే దారి ఉంటుంది గానీ, అది లాయర్ ఖర్చుతో కూడిన దారి. ఆ డబ్బుతో ముందు పేరుకు ట్రేడ్‌మార్క్ చేయించుకోండి. సాఫ్ట్‌వేర్‌కు 9, 42 తరగతులు చూడాలి, పదేళ్లకోసారి పునరుద్ధరణ.

వెళ్లినవాళ్లు పోటీ కంపెనీలో చేరకూడదని రాయించుకునే షరతు గురించి: ఉద్యోగం ముగిశాక అది కోర్టులో నిలవదు. 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ దాన్ని చెల్లనివ్వదు. గోప్యత షరతు మాత్రం నిలుస్తుంది. అయితే ఏది రహస్యమో చూపగలగాలి. కంపెనీలో ప్రతి ఒక్కరికీ అన్ని రిపాజిటరీలూ తెరిచి ఉంచి, అది వ్యాపార రహస్యమంటే జడ్జికి నమ్మకం కలగదు.

ఓపెన్ సోర్స్ సంగతి కూడా ఈ కాగితాల్లోదే. ఏ లైబ్రరీలు వాడుతున్నారు, వాటి లైసెన్స్ ఏమిటి, జాబితా యంత్రంతోనే తీయించండి. కొన్ని సందర్భాల్లో మీ కోడ్‌నూ బయటపెట్టమనే జీపీఎల్, ఏజీపీఎల్ లైసెన్సులు కనిపిస్తే ఆగి చదవండి. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు వరసల కోడ్‌ను దాని రచయిత ఎన్‌పీఎం అనే ఉమ్మడి కోడ్ భాండాగారం నుంచి తీసేస్తే ప్రపంచవ్యాప్తంగా బిల్డ్‌లు ఆగిపోయాయి. ఎవరి మీద ఆధారపడుతున్నామో తెలియకపోవడమంటే అదీ.

ఆరో అడుగు: తాళాలు ఎవరి జేబులో ఉన్నాయి

ఇది ఒక మధ్యాహ్నం పని. డొమైన్ పేరు, క్లౌడ్ రూట్ ఖాతా, గిట్‌హబ్ సంస్థ ఖాతా, ప్లేస్టోర్ ఖాతా, యాప్ మీదేనని రుజువు చేసే సైనింగ్ కీ ఎవరి ఈమెయిల్ మీద ఉన్నాయో చూడండి. ఎప్పుడో మానేసిన ఉద్యోగి సొంత జీమెయిల్ మీద ప్లేస్టోర్ ఖాతా ఉండటం మీరనుకునేదానికన్నా మామూలు. ఓటీపీ వెళ్లే ఫోన్ నంబరు కూడా చూడటం మరవకండి.

క్లయింట్ల విషయంలోనూ ఇంతే. ప్రతి క్లయింట్‌కూ మీ వైపు ఇద్దరు తెలిసి ఉండాలి. మాటలన్నీ సేల్స్ మేనేజర్ సొంత వాట్సాప్‌లో జరుగుతుంటే ఆ సంబంధం కంపెనీది కాదు, ఆయనది.

ఏడో అడుగు: విలువ కట్టడం, అవసరమైనంత మేరకే

ఇన్ఫోసిస్ చాలా ఏళ్లపాటు వార్షిక నివేదికలో ఉద్యోగుల విలువను లెక్కగట్టి చూపించేది. వాడింది 1971 నాటి లెవ్–ష్వార్ట్జ్ నమూనా: ఉద్యోగులు ముందు ముందు సంపాదించబోయే జీతాలను ఇవాళ్టి విలువకు తగ్గించి కూడటం. అంకె ఘనంగా కనిపిస్తుంది. కానీ అది కొలిచేది జీతాన్ని, వాళ్లు కంపెనీకి తెచ్చిపెట్టేదాన్ని కాదు. జీతాలు పెంచితే చాలు, “ఆస్తి” పెరుగుతుంది. చిన్న కంపెనీకి ఈ కసరత్తు దండగ.

రూపాయల్లో విలువ నిజంగా కావాల్సింది అమ్మకం, పెట్టుబడి, భాగస్వాములు విడిపోవడం లాంటి సందర్భాల్లోనే. అప్పుడు మూడు దారులుంటాయి. ఇదే ఉత్పత్తిని ఇవాళ మొదట్నుంచి కట్టాలంటే ఎంతవుతుందన్నది ఒకటి. ఇతరుల దగ్గర లైసెన్స్ తీసుకుంటే కట్టాల్సిన రాయల్టీ ఎంతన్నది రెండోది. ఉన్న క్లయింట్ల నుంచి రాబోయే ఆదాయం మూడోది. మూడూ వేసి, ఎందుకు తేడా వచ్చిందో చూడండి. కట్టుబడి ఖర్చు రెండు కోట్లై, ఆదాయం లెక్క పది కోట్లొస్తే, ఆ మధ్యలోదే క్లయింట్ల నమ్మకం, మీ బృందం ఎరుక. కొనేవాళ్లు బేరమాడేదీ దాని మీదే. మీ షీట్‌లో ఎరుపు వరసలు ఎన్నుంటే అంత కిందికి లాగుతారు.

పన్ను కోణం ఒకటి మరవకూడదు. 2021 ఫైనాన్స్ చట్టంతో గుడ్‌విల్ మీద తరుగుదల పోయింది. నో-హౌ (సాంకేతిక పరిజ్ఞానం), కాపీరైట్, ట్రేడ్‌మార్క్ లాంటివాటికి అది ఉంది. వ్యాపారాన్ని కొనేవాళ్లు ధరను విడివిడి పద్దులుగా చూపించగలిగితే వాళ్లకు లాభం. మీ కాగితాలు ఆ విభజనకు ఆధారమిస్తే ఆ లాభంలో కొంత ధరలో అడగొచ్చు. ఇది మీ సీఏతో ముందే కూర్చుని మాట్లాడాల్సిన విషయం.

మిగతా రోజుల్లో మూడు నెలలకోసారి నాలుగు అంకెలు చాలు: షీట్‌లో ఎరుపు వరసలెన్ని, కొత్తగా చేరినవాళ్లు సొంతంగా రిలీజ్ చేయడానికి ఎన్ని వారాలు పడుతోంది, ఈ మూడు నెలల్లో ఎన్ని నిర్ణయాల చీటీలు పడ్డాయి, ఒక్కరి చేతిలోనే ఉన్న క్లయింట్ల ఆదాయం మొత్తంలో ఎంత శాతం. బోర్డు ఉంటే బోర్డుకు, లేకపోతే భాగస్వాములకు, లాభనష్టాల పట్టికతో పాటే ఈ కాగితం ఇవ్వండి. రెండు త్రైమాసికాలు వరసగా ఎరుపు వరసలు తగ్గకపోతే కొత్త ఫీచర్ ఒకటి వాయిదా వేసి, ఆ ఇంజినీర్ల వారాన్ని నాలుగో అడుగుకు కేటాయించండి. సేల్స్‌వాళ్లు గొణుగుతారు. ఆ ఫీచర్ తేదీ క్లయింట్‌కు మాట ఇవ్వకముందే ఈ పని పెట్టుకుంటే గొణుగుడు కాస్త తగ్గుతుంది.